సెయింట్ కిట్స్‌లో తాడు లేని మేకకూ యజమాని ఉంటాడు

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భర్తకు కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ ద్వీపంలో ఒక వైద్య కళాశాలలో బోధన ఉద్యోగం వచ్చింది. హైదరాబాద్ నుంచి ఆరేళ్ల పాపతో వెళ్లాలి. వీడియోల్లో చూస్తే రోడ్ల నిండా మేకలు, కుక్కలు, చెట్ల మీద కోతులు, పక్క ద్వీపంలో గాడిదలు. పాపను బయట ఆడుకోనివ్వొచ్చా? ఆకలితో కనిపించినవాటికి తిండి పెట్టొచ్చా? ఇంట్లో ఉన్న కుక్కను వెంట తెచ్చుకోవచ్చా?

నేను పశువైద్యురాలిని. తిరుపతిలో చదివాను, ఈ ద్వీపానికి వచ్చి పదకొండేళ్లయింది. నా సమాధానం ముందే చెప్పేస్తాను. పాపతో ధైర్యంగా రండి, బయట ఆడుకోనివ్వండి. కానీ ఏ జంతువుకూ గేటు బయట తిండి పెట్టకండి. ఎవరిదో కనుక్కోకుండా దేన్నీ ఇంటికి తీసుకురాకండి. కుక్కను తేవడం గురించి చివర్లో రాస్తాను, దానికి కాగితాల పని చాలా ఉంది.

మన ఊళ్లో రోడ్డు మీద తిరిగే కుక్కను చూస్తే 'వీధి కుక్క' అంటాం. ఎవరిదీ కాదన్నమాట. ఆ కళ్లతోనే ఇక్కడికి వస్తాం కాబట్టి తాడు లేకుండా తిరిగే ప్రతిదీ దిక్కులేనిదని అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. సెయింట్ కిట్స్ విస్తీర్ణం సుమారు 170 చదరపు కిలోమీటర్లు, పక్క ద్వీపం నీవిస్ 93. రెండింట్లో కలిపి జనాభా 50,000కు అటూ ఇటూ. ఇంత చిన్నచోట రోడ్డు మీద నడిచే మేక ఎవరిదో ఆ వీధిలో పదేళ్ల పిల్లాడిని అడిగినా చెబుతాడు. చెవికి కోత గుర్తో, మెడలో రంగు తాడు ముక్కో ఉంటుంది. అది పొద్దున ఏ దారిన మేతకు పోతుందో, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరుతుందో కూడా తెలిసే ఉంటుంది. మేకమాంసంతో చేసే 'గోట్ వాటర్' అనే పులుసు ఇక్కడ పెళ్లికీ పండక్కీ ఉండాల్సిందే. కాబట్టి ఒక్కో మేక ఒక్కో కుటుంబానికి దాచుకున్న డబ్బు లాంటిది.

మీకు ముందు ఎదురయ్యేవి మేకలూ గొర్రెలే. మొదటి వారం మీరు గొర్రెలను చూసి మేకలనే అనుకుంటారు. ఇక్కడి గొర్రెలకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. బార్బడోస్ బ్లాక్‌బెల్లీ అనే జాతి, దాని సంకరాలు ఎక్కువ. గోధుమరంగు ఒళ్లు, నల్లటి పొట్ట. మాది కనిగిరి వైపు కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. మా నెల్లూరు జాతి గొర్రెలు కూడా ఇలాగే ఉన్ని లేకుండా, పొడుగు కాళ్లతో ఉంటాయి. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. గుర్తు చాలా తేలిక: తోక పైకి ఉంటే మేక, కిందికి వేలాడితే గొర్రె. మీ పాపకు ఇది నేర్పండి, కారులో వెళ్తున్నంతసేపూ లెక్కపెడుతుంది.

రెండిటి నడత ఒకటి కాదు, అందుకే ఈ తేడా తెలియాలి. గొర్రెపిల్ల పుట్టిన కాసేపటికే తల్లి వెంట పడుతుంది. మేక అలా కాదు. ఈనిన మొదటి కొన్ని రోజులు పిల్లను పొద మాటునో గోడ నీడనో పడుకోబెట్టి తాను మేతకు పోతుంది. గంటల తర్వాత వచ్చి పాలిస్తుంది. ఆ పిల్ల కదలదు, అరవదు, ముడుచుకుని పడుకుంటుంది. తెలియనివాళ్లకు అది తల్లి వదిలేసిన బిడ్డలా కనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన ఒక కుటుంబం నా క్లినిక్‌కు అలాంటి పిల్లనే తువ్వాలులో చుట్టి తెచ్చింది. బొడ్డు ఇంకా పూర్తిగా ఎండలేదు, రెండు రోజుల పిల్ల. పొట్ట తడిమి చూస్తే పాలతో నిండి ఉంది. "ఎక్కడ దొరికిందో అక్కడే, అదే పొద కింద పెట్టేయండి" అని చెప్పి నేనూ వాళ్ల వెంట వెళ్లాను. మేం చేరేసరికి తల్లి ఆ పొద చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. పొదుగు రాయిలా బిగిసి, చన్నుల నుంచి పాలచుక్కలు కారుతున్నాయి. పిల్లను కింద పెట్టగానే ముందు దాని తోక కింద వాసన చూసింది, ఆ తర్వాతే కుడవనిచ్చింది. ఆ పది క్షణాలు నేను ఊపిరి బిగబట్టాను. వాసన మారితే తల్లి తన్నేయవచ్చు. ఆ కుటుంబం మనసు మంచిదే, తెలియనిదల్లా మేక పద్ధతి.

ఇక కుక్కలు. ఇది నేను చేసిన తప్పు, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

వచ్చిన రెండో ఏడాది మా గేటు దగ్గరికి ఒక బక్క కుక్క వచ్చేది. అన్నంలో ఉడికించిన కోడి మెడలు కలిపి పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి ఐదయ్యాయి. సాయంత్రం ఆరింటికి నా కారు మలుపు తిరగగానే ఐదూ లేచి నిలబడేవి. నాకు ఎంతో సంతోషంగా ఉండేది. నిజానికి ఆ ఐదూ ఐదు ఇళ్ల కుక్కలు. పగలు వదిలేస్తారు, రాత్రి ఇంటి కాపలాకు పోతాయి. వేటికవి విడివిడిగా బతుకుతున్నవాటిని నా గిన్నె ఒకచోట చేర్చింది. కలిసి తిన్నవి కలిసి తిరగడం మొదలుపెట్టాయి.

చెల్లెలి పెళ్లికని ఏడు వారాలు ఇండియా వెళ్లాను. తిండి ఆగిపోయింది, గుంపు మాత్రం విడిపోలేదు. ఒక రాత్రి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన గొర్రెల మీద పడ్డాయి. ఆయన వాటిని రాత్రిపూట మేకులకు కట్టేసి ఉంచుతాడు, పారిపోవడానికి వీల్లేదు. ఆరు చచ్చిపోయాయి, వాటిలో రెండు చూడివి. నేను తిరిగొచ్చి విషయం తెలిసి ఆయన దగ్గరికి వెళ్లేటప్పటికి మేకులు అలాగే ఉన్నాయి, ఆరు తాళ్లు గడ్డిలో పడి ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ కుక్కలు నీవా?" అని మాత్రం అడిగాడు. కావని చెప్పబోయి ఆగిపోయాను. తిండి పెట్టింది నేనే.

గొర్రెల ఖరీదు ఇచ్చాను. ఐదు కుక్కల యజమానులనూ వెతికి, ఒప్పించి, అన్నిటికీ ఆపరేషన్ చేశాను. మూడు సొంత ఇళ్లలోనే గొలుసు, పెరడు, వేళకు తిండితో కుదురుకున్నాయి. రెంటిని యజమానులు వద్దనడంతో ద్వీపం దాటించి, పెంచుకునేవాళ్లకు ఇప్పించాను. చూడి గొర్రెలను మాత్రం ఎవరు తెచ్చివ్వగలరు?

అందుకే నేను చెప్పేది: కుక్క మీద ప్రేమ ఉంటే ఒకదాన్ని తెచ్చుకుని గేటు లోపల పెంచండి. గేటు బయట గిన్నె పెట్టకండి. బక్కగా కనిపించిన కుక్క ఎవరిదో కనుక్కుని ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి. చాలాసార్లు వాళ్లకు లేనిది దయ కాదు, నులిపురుగుల మందు. మందు నేను ఇస్తాను, మాట మీరు కలపండి.

మాట కలపడానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు పలకరించాలి. గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్. చీకటి పడ్డాక 'గుడ్ నైట్' అంటారు. అది వీడ్కోలు కాదు, పలకరింపే. దుకాణంలోకి అడుగు పెట్టినా, బస్సు ఎక్కినా ముందు ఆ మాటే రావాలి. అది లేకుండా నేరుగా "ఈ మేక ఎవరిది?" అంటే పొగరనుకుంటారు. నేను మొదట్లో ఇది తెలియక చాలా ముఖాలు చిన్నబుచ్చాను.

పాప గురించి మీ అసలు టెన్షన్ రేబిస్ అని నాకు తెలుసు. సెయింట్ కిట్స్‌లోనూ నీవిస్‌లోనూ రేబిస్ లేదు. కుక్క కరిచినా కోతి గీరినా ఆ భయం అక్కర్లేదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం టీకా సంగతి, చీము పట్టకుండా వేసే మందు సంగతి ఆయన చూస్తారు. కానీ ఈ మాటను కరీబియన్ అంతటికీ వర్తింపజేయకండి. మనవాళ్ల పిల్లలు వైద్యం చదవడానికి వెళ్లే గ్రెనడాలో ముంగిసల ద్వారా రేబిస్ ఉంది. ప్యూర్టోరికోలోనూ అంతే.

ఇంకో సంగతి. ఇక్కడ రెండేళ్లు పెరిగిన పాప ఏ కుక్కనైనా దగ్గరికెళ్లి నిమురుతుంది. అదే చొరవతో సెలవులకు హైదరాబాద్ వచ్చి వీధి కుక్క ముందు కూర్చుంటుంది. నాకు భయం అక్కడే. బయల్దేరే ముందే పిల్లల డాక్టరును అడిగి పాపకు ముందస్తు రేబిస్ టీకాలు వేయించండి. ఇంతకుముందు కుక్క కాటేదైనా ఉండి కోర్సు మధ్యలో ఆపి ఉంటే, పూర్తి చేశాకే విమానం ఎక్కండి.

రేబిస్ లేకపోయినా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కుక్కలు, పిల్లులు తిరిగే ఇసుకలో వట్టి కాళ్లతో ఆడితే కొంకిపురుగు లార్వా చర్మంలోకి దూరి, మెలికలు తిరిగిన ఎర్రటి గీతలా పాకుతుంది. విపరీతమైన దురద. మందుతో తగ్గిపోతుంది. సముద్రం అలలు కడిగే తడి ఇసుకలో ఆడించండి, చెట్ల కింది పొడి ఇసుకలో వద్దు. వానలు పడ్డాక నిలిచిన నీళ్లలో ఆడనివ్వకండి, ఎలుకల, పశువుల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జెర్రులు పెద్దవి ఉంటాయి, కుడితే బాగా నొప్పి. బూట్లు దులిపి వేసుకోవడం అలవాటు చేయండి. విషపు పాములు లేవు. ఈ మాట చెప్పగానే మా అమ్మ ఫోన్‌లో దేవుడికి దండం పెట్టింది.

కోతులు. ఇవి మన కోతుల జాతి కాదు. పశ్చిమాఫ్రికా నుంచి 17వ శతాబ్దంలో వలస పాలకుల ఓడల్లో వచ్చిన ఆకుపచ్చ కోతులు, ఇక్కడివాళ్లు వర్వెట్ అంటారు. ద్వీపంలో మనుషులకన్నా ఇవే ఎక్కువని అందరూ అంటుంటారు. 2005లో చక్కెర పరిశ్రమ మూతపడ్డాక చెరకు పొలాలు బీళ్లయ్యాయి, పొలాల్లో మనుషుల అలికిడి తగ్గింది, కోతులు కిందికి దిగాయి. కొండ మీద నుంచి ఊళ్ల మధ్యగా సముద్రం దాకా దిగే వాగులను ఇక్కడ 'గట్' అంటారు. వాన పడ్డప్పుడే నీళ్లుంటాయి, మిగతా రోజులు అవి కోతుల రహదారులు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు గట్ ఎంత దూరమో అడగండి. పక్కనే అయితే మామిడి, బొప్పాయి, టమాటా మీవి కావు. ఒక్కో కాయను ఒక్క కొరుకు కొరికి పారేస్తాయి. తెలంగాణ పల్లెల్లో రైతులు కోతుల వల్ల పడే బాధ ఏదో ఇక్కడి రైతుదీ అదే. పుచ్చకాయ తోట పండే సమయానికి రాత్రీ పగలూ కాపలా కాసి కళ్లు గుంటలు పడ్డవాళ్లను చూశాను. నా పెరట్లో మాత్రం మిర్చి, అల్లం, పసుపు, కరివేపాకు ముట్టుకోలేదు. మన వంటకు కావాల్సినవి అవే కాబట్టి నేను వాటితోనే సరిపెట్టుకున్నాను.

మన గుళ్ల దగ్గరి కోతుల్లా ఇవి మీద పడి లాక్కోవు. మనిషి నిలబడితే దూరంగా జరుగుతాయి. కానీ పర్యాటకులు తిండి అలవాటు చేసిన బీచ్‌ల దగ్గర మొండికేస్తాయి. టేబుల్ మీది గ్లాసు ఎత్తుకుపోయి మద్యం తాగేవీ ఉన్నాయి. మద్యం అలవాటు మీద శాస్త్రవేత్తలు ఇక్కడి కోతుల మీదే పరిశోధనలు కూడా చేశారు. పాపకు మూడు మాటలు చెప్పండి: చేతిలో తిండితో కోతి దగ్గరికి పోవద్దు, కళ్లలోకి గుచ్చి చూడొద్దు, పిల్ల కోతిని పిలవొద్దు. రాజధాని బాస్‌టెర్ రేవు దగ్గర కొందరు చిన్న కోతులకు డైపర్ కట్టి, భుజం మీద కూర్చోబెట్టి ఫొటోకు డబ్బులు అడుగుతారు. దయచేసి ఆ ఫొటో దిగకండి. ఆ పిల్ల తల్లి పొట్టను పట్టుకుని ఉండాల్సిన వయసులో ఉంటుంది.

ముంగిసలు పగటిపూట రోడ్డుకు అడ్డంగా పరిగెడుతూ కనిపిస్తాయి. వీటి మూలం మన దేశమే. 1872లో కలకత్తా నుంచి తొమ్మిదింటిని జమైకాకు తెచ్చి చెరకు తోటల్లో ఎలుకల మీదికి వదిలారు, వాటి సంతతే తర్వాత తక్కిన ద్వీపాలకు పాకింది. ఎలుకలు రాత్రి తిరుగుతాయి, ముంగిస పగలు తిరుగుతుంది. ఎలుకలు అలాగే మిగిలాయి, తాబేళ్ల గుడ్లూ నేల మీది పక్షులూ పోయాయి. ముంగిస మనుషుల జోలికి రాదు, బోనులో ఇరుక్కున్నదాన్ని మాత్రం చేత్తో తీయకండి.

గాడిదలు నీవిస్‌లో ఎక్కువ. ఫెర్రీలో ముప్పావు గంట. చెరకు, నీళ్లు మోసిన గాడిదల వారసులవి. పని పోయాక వదిలేశారు. యజమాని లేని జంతువు ఇక్కడ ఏదైనా ఉందంటే అది ఎక్కువగా ఇదే. చూడటానికి సాధువుగా ఉంటాయి, వెనక నుంచి వెళ్తే తంతాయి. పాపను ఎప్పుడూ దాని ముఖం వైపే నిలబెట్టండి.

కారు నడపడం మనలాగే ఎడమవైపు, ఆ విషయంలో అలవాటు పడాల్సింది లేదు. రాత్రి మాత్రం నెమ్మది. నల్ల మేక, తారు రోడ్డు, దీపాలు లేని మలుపు, ఈ మూడూ కలిస్తే చివరి క్షణం దాకా కనిపించదు. తల్లి దాటిందంటే ఆగండి, వెనక పిల్ల ఉంటుంది. పొరపాటున తగిలితే వెళ్లిపోకండి. దగ్గర్లోని ఇంట్లోనో దుకాణంలోనో చెప్పండి, యజమాని పావుగంటలో వస్తాడు. పోలీసులకూ చెప్పండి. చెప్పకుండా పోయినవాళ్ల కారు నంబరు తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది.

ఈ జంతువులకూ మనుషులకూ ఉన్న బంధం నాకు పూర్తిగా అర్థమైంది 2017 సెప్టెంబరులో. ఇర్మా తుపాను వస్తోందని తెలిసిన రోజు ఊళ్లో అందరూ కిటికీలకు చెక్కలు కొడుతుంటే, మా వీధిలో ముసలివాళ్లు ముందు కత్తులు పట్టుకుని పొలాల్లోకి పోయారు. మేకుల దగ్గర కట్టిన ఆవులు, గొర్రెల తాళ్లు కోసేశారు. నీళ్లొస్తే అవే గుట్టెక్కుతాయి, కట్టేసి ఉంటే చచ్చిపోతాయి. 1977 దివిసీమ ఉప్పెనలో కట్టుగొయ్యల దగ్గరే పోయిన గొడ్ల గురించి మా తాత చెబుతుంటే విన్నాను. అది తలుచుకుంటూ నేనూ కత్తి పట్టుకుని వాళ్ల వెంట నడిచాను. నా కుక్కలు ఎవరి గొర్రెలను చంపాయో ఆ పెద్దాయన పక్కనే నడుస్తున్నాడు. గాలివాన తగ్గిన మూడో రోజుకు గుట్టల మీద నుంచి మందలు కలగాపులగంగా దిగొచ్చాయి. ఎవరి గొర్రె ఏదో ఎవరూ తగువు పడలేదు. ఎవరిది వాళ్లు పేరు పెట్టి పిలుచుకుని తోలుకుపోయారు.

ఇక మీ కుక్క సంగతి. తేవచ్చు, కానీ ఆర్నెల్ల ముందు నుంచి పని మొదలుపెట్టాలి. ఇండియా రేబిస్ ఎక్కువగా ఉన్న దేశం, ఇది రేబిస్ లేని ద్వీపం. మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆ తర్వాత రక్తపరీక్ష. అందులో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) అయినా ఉండాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం. ఇక్కడి వ్యవసాయ శాఖ నుంచి దిగుమతి అనుమతి లిఖితపూర్వకంగా చేతికొచ్చాకే టికెట్ కొనండి. నేరుగా విమానం లేదు కాబట్టి మధ్యలో దిగే దేశం నిబంధనలు కూడా చూసుకోవాలి. మీ కుక్క ముసలిదైనా, పొట్టి ముక్కు జాతిదైనా నేనైతే తేవద్దంటాను. రెండు మూడు విమానాలు మారడం దానికి ప్రాణాల మీదికి వస్తుంది. తెస్తే నెలనెలా గుండెపురుగు మందు, పిడుదుల మందు తప్పనిసరి. గుండెపురుగును అంటించే దోమలు, పిడుదులు ఇక్కడ ఏడాది పొడవునా ఉంటాయి. రాత్రిపూట పెరట్లో పెద్ద కప్పలు కనిపిస్తాయి, కేన్ టోడ్ అంటారు. వాటి ఒంట్లో విషం ఉంటుంది. కుక్క దాన్ని నోట కరిచి నురగలు కక్కితే నోటిని పక్కకు వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా బయటికి కడిగేస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకురండి.

చివర్లో పాపకు మేకపిల్లను ఎత్తుకోవాలని ఉందని రాశారు. సాయంత్రం ఐదు దాటాక మందలు ఇంటికొస్తాయి. పాపను చేయి పట్టుకుని పక్కింటి గేటు దాకా తీసుకెళ్లి, లోపలికి అడుగు పెట్టకుండా, తననే "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనమనండి. అడగక్కర్లేదు, వాళ్లే ఒక పిల్లను తెచ్చి చేతుల్లో పెడతారు. తల్లి మేక కనిపించేంత దూరంలోనే నిలబడి ఎత్తుకోమనండి.